అచ్చు వేసినవాడి పేరు, ఇచ్చినవాడి పేరు

దగ్గరికి జరగండ్రా, మంచు దిగుతోంది. ఆ తాటిమట్ట ఒకటి మంటలో వెయ్యి. పొద్దున మా మనవడు అడిగాడు, "తాతయ్యా, మీ రోజుల్లో ఎలక్షన్లంటే డబ్బుతో పని లేదంటగా?" అని. ఉంది నాయనా, అప్పుడూ ఉంది. ఓటరు చేతిలో పెట్టే నోటు సంగతి అందరికీ కనబడుతుంది, అందరూ దాని గురించే మాట్లాడతారు. ఆ నోటు పైనుంచి ఎవరు పంపారు, ఎందుకు పంపారు, లెక్కల పుస్తకంలో ఎక్కడ మాయమైంది అన్నది మాత్రం ఎవరూ చెప్పుకోరు. నేను బతుకంతా అచ్చాఫీసులో గడిపినవాణ్ణి. ఎన్నికలొస్తే మొట్టమొదటి ఖర్చు కాగితం మీదే. అందుకని నాకు తెలిసింది అక్కణ్ణుంచే చెబుతాను.

1955లో నేను పిల్లాణ్ణి. తెనాలిలో ఒక ప్రెస్సులో కుదిరాను. అచ్చయిపోయిన ఫారం విప్పి, అక్షరాలు కడిగి, ఏ అక్షరం ఏ గడిలోదో ఆ గడిలో వెయ్యడం నా పని. అంతకుముందు నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలిచేస్తారేమోనని ఢిల్లీ అంతా ఇటే చూస్తోంది. అప్పుడు కాంగ్రెసు ప్రచారం నడపడానికి బొంబాయి నుంచి ఎస్.కె.పాటిల్ గారు దిగారు. పార్టీకి నిధులు కూడగట్టడంలో ఆయనకు దేశమంతా పేరుండేది. ఆయన రాకతో మా ఊళ్ళో కాగితం రీములు రీములుగా దిగింది. రాత్రి కూడా ట్రెడిల్ ఆగేది కాదు.

ఆ జనవరిలోనే రష్యాలో ప్రావ్దా పత్రిక నెహ్రూ గారి విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెసు వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? మీ రష్యావాళ్ళే మా నాయకుణ్ణి మెచ్చుకున్నారు చూడండి అని ఆ ముక్కను తెలుగులో అచ్చు వేయించి ఊరూరా పంచారు. 'నెహ్రూ', 'ప్రావ్దా' అన్న మాటలు కూర్చీ కూర్చీ మా కేసుల్లో ర వత్తులు అయిపోయి, పక్క ప్రెస్సుకి పరిగెత్తి అరువు తెచ్చేవాణ్ణి. అంత కాగితానికి డబ్బు ఎవరు కట్టారని ఆ వయసులో నాకు తట్టలేదు. మా ఓనరు గారికి మాత్రం రొక్కం చేతికి వచ్చేది, అదీ ముందుగానే.

అవతలివైపు పద్ధతి వేరు. కమ్యూనిస్టు కార్యకర్తలు రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. అర్ధణా ఇచ్చినవాడికీ చీటీ చింపి ఇచ్చేవాళ్ళు. డబ్బు లేనివాళ్ళు కుంచెడు ధాన్యం కొలిచేవాళ్ళు. ఆ రసీదు పుస్తకాలు కూడా మేమే అచ్చు వేశాం, నంబర్లు వరసగా కొట్టి, మధ్యలో చిల్లుల గీత వేసి. నేను ఆ పార్టీవాణ్ణి కాదు, ఆ పార్టీ చేసినవన్నీ ఒప్పని చెప్పబోవడమూ లేదు. కానీ ఎవరిచ్చారు, ఎంతిచ్చారు అన్నది నంబరు వేసిన చీటీ మీద ఉండేది. ఆ ఎన్నికల్లో వాళ్ళకి వందకి 31 ఓట్లు వచ్చినా, 196 సీట్లలో 15 మాత్రమే దక్కాయి.

ఆ కాలంలో ఓటు అమ్మకం కూడా ఉండేదర్రా. ఇప్పటిలా ముద్ర గుద్దే పద్ధతి కాదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద గుర్తు. ఓటరు చేసేదల్లా కాగితాన్ని తనకు నచ్చిన పెట్టెలో వెయ్యడమే. కొంతమంది కాగితాన్ని పెట్టెలో వెయ్యకుండా పంచెలో దోపుకుని బయటికి తెచ్చి, కాచుకుని ఉన్నవాడికి అమ్మేవాళ్ళు. ఆ కొన్నవాడు అలాంటివి పోగుచేసి, తన వంతు వచ్చినప్పుడు అన్నీ కలిపి ఒకే పెట్టెలో వేసేవాడు. దేశమంతటా ఈ ఫిర్యాదు రాబట్టే 1962 సాధారణ ఎన్నికలకి అన్ని గుర్తులూ ఒకే కాగితం మీద వేసి, ముద్ర కొట్టే పద్ధతి తెచ్చారు. అచ్చు పద్ధతి మారితే ఒక దొంగదారి మూసుకుపోయింది. అది చూశాక కాగితం మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1961లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ అనే సెక్షను చేర్చారు. ఎన్నికల కరపత్రం గానీ, వాల్‌పోస్టరు గానీ అచ్చు వేస్తే దాని మీద ముద్రించినవాడి పేరు, అడ్రసు, ప్రచురించినవాడి పేరు, అడ్రసు ఉండి తీరాలి. అచ్చు వేయించేవాడు నేను ఫలానా అని సంతకం పెట్టాలి, అతన్ని ఎరిగిన ఇద్దరు దాని మీద సాక్షి సంతకాలు చెయ్యాలి. అచ్చయ్యాక ఒక కాపీ, ఆ డిక్లరేషనూ కలెక్టరుకి పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మా ఓనరు గారు ఆ సెక్షను ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, కంపోజింగు గదిలో మేకుకి తగిలించారు. "ఒరేయ్, పేరు లేని కాగితం మన మిషను దాటకూడదు" అనేవారు. కరపత్రం అడుగున ఆ సన్న అక్షరాల వరస లేకుండా ప్రూఫు పట్టుకెళ్తే ఆయన చూసేవారు కూడా కాదు.

ఆ ఒక్క వరస విలువ నాకు 1967 ఎన్నికల్లో తెలిసింది. మా వీధి చివర ఒక హైస్కూలు మేష్టారు ఉండేవారు. ఎన్నికలైపోయాక ఒక సాయంత్రం ప్రెస్సుకి వచ్చి, "అబ్బాయ్, అభ్యర్థి పెట్టిన ఖర్చు లెక్క మనబోటివాళ్ళు చూడొచ్చట, తెలుసా?" అన్నారు. నాకు తెలియదు. 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో ఉంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ప్రతి అభ్యర్థీ తన ఖర్చు లెక్క దాఖలు చెయ్యాలి, రూపాయి రుసుము కడితే ఎవరైనా దాన్ని చూడొచ్చు. ఆయన బస్సెక్కి గుంటూరు కలెక్టరాఫీసుకి వెళ్ళి, రూపాయి కట్టి, ఒక మూల బల్ల మీద కూర్చుని లెక్కంతా చదివి వచ్చారు. జీపులు, పెట్రోలు, మైకులు, అచ్చు ఖర్చు అన్నీ వేరువేరుగా ఉన్నాయట. అచ్చు పద్దు దగ్గరికి వచ్చేసరికి, నియోజకవర్గం అంతటికీ కలిపి ఆ అభ్యర్థి రాసిన పోస్టర్లకంటే మా ఒక్క ప్రెస్సులో తీగల మీద ఆరేసినవే ఎక్కువ. మిగతా పోస్టర్లకి డబ్బు ఎవరిచ్చారు? మిత్రులట. శ్రేయోభిలాషులట. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

మేష్టారు కేసు వేద్దామనుకున్నారు. ఓటరు ఎవరైనా హైకోర్టులో ఎన్నికల పిటిషను వెయ్యొచ్చు. కానీ ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు వెయ్యాలి. లెక్క దాఖలు చెయ్యడానికే అభ్యర్థికి 30 రోజుల గడువుంది. అది చూసి, సాక్ష్యం పోగుచేసి, వకీలుని పట్టుకుని హైదరాబాదు వెళ్ళడానికి మిగిలేది పదిహేను రోజులు. పైగా 2,000 రూపాయలు డిపాజిట్టు కట్టాలి. ఆ రోజుల్లో బడిపంతులికి అది దాదాపు ఏడాది జీతం. ఆయన వెయ్యలేకపోయారు. ఆ చట్టం రాసినవాళ్ళు సామాన్యుడికి తలుపు తెరిచి గడప మాత్రం ఎత్తుగా కట్టారని నాకు అప్పుడే అనిపించింది. ఇప్పటికీ అదే నా మాట.

ఇక పెద్ద సొమ్ము సంగతి. 1957లో టాటా స్టీలు కంపెనీ తన నిబంధనల పత్రం మార్చుకుని పార్టీలకు చందా ఇచ్చుకుంటానని బొంబాయి హైకోర్టుకి వెళ్ళింది. చీఫ్ జస్టిస్ చాగ్లా గారు, చట్టంలో అడ్డం లేదు గనక సరేనంటూనే, ఇది ప్రజాస్వామ్యానికి పెద్ద ప్రమాదం అవుతుంది, పార్లమెంటు ఆలోచించుకోవాలి అని తీర్పులోనే హెచ్చరించారు. 1960లో పార్లమెంటు కంపెనీల చట్టం సవరించింది. చందాకి ఒక హద్దు పెట్టి, ఏ పార్టీకి ఎంతిచ్చారో లెక్కల్లో చూపించమంది. ఆ మరుసటేడు జె.ఆర్.డి.టాటా గారు నెహ్రూ గారికి ఉత్తరం రాశారు, కాంగ్రెసుకి ఇస్తూనే ఇకమీదట స్వతంత్ర పార్టీకి కూడా ఇస్తామని. స్వతంత్ర పార్టీ అంటే రాజాజీ పెట్టింది, దానికి అధ్యక్షుడు మన నిడుబ్రోలు రంగా గారు. నెహ్రూ గారు అది మీ ఇష్టం అని జవాబు రాశారు. ఉత్తరం రాసి, చెప్పి, ఎదుటి పార్టీకి డబ్బిచ్చిన రోజులున్నాయి మన దేశంలో. కంపెనీల డబ్బు మంచిదని నేననను. పేరు చెప్పి ఇచ్చారు, అది గుర్తు పెట్టుకోండి.

1969లో ఇందిరా గాంధీ ప్రభుత్వం కంపెనీలు పార్టీలకు చందాలివ్వడాన్ని పూర్తిగా నిషేధించింది. వినడానికి ఎంతో బాగుంది కదూ? కానీ కంపెనీలకు బదులుగా పార్టీలకు ఖజానా నుంచి గానీ, మరో దారిలో గానీ డబ్బు వచ్చే ఏర్పాటు చెయ్యలేదు. ఎన్నికల ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంది. దాంతో చెక్కు పోయి సూట్‌కేసు వచ్చింది.

ఆ రోజుల్లోనే మా అచ్చాఫీసులకి కొత్త పని తగిలింది. సావనీరు. పార్టీ మహాసభ జరిగితే సావనీరు, నాయకుడి పుట్టినరోజుకి సావనీరు. లోపల నాలుగు వ్యాసాలు, నాయకుల ఫొటోలు, మిగతాదంతా ప్రకటనలు. సిమెంటు కంపెనీలు, పొగాకు వ్యాపారులు, మిల్లులు, కాంట్రాక్టర్లు ఫుల్ పేజీ, హాఫ్ పేజీ ప్రకటనలిచ్చేవాళ్ళు. పెద్ద దినపత్రికలో ప్రకటన వేసుకోవడానికి ఇచ్చే రేటు కంటే ఎక్కువ ఇచ్చేవాళ్ళు. అచ్చు వేసే కాపీలు కొన్ని వందలు. ఎవరు చదువుతారు దాన్ని? ఎవరూ చదవరు. చందా ఇవ్వకూడదు గనక ప్రకటన ఇచ్చారు, అంతే. పైగా అది వ్యాపార ఖర్చని ఇన్‌కంటాక్సులో తగ్గించుకునేవాళ్ళు. అంటే పార్టీకి ఇచ్చిన డబ్బులో కొంత సర్కారు ఖజానా కట్టినట్టే. దేశమంతా ఈ తంతు ముదిరిపోయి, చివరికి 1978లో ఆదాయపు పన్ను చట్టం సవరించి, పార్టీ సావనీర్లలో వేసిన ప్రకటనల ఖర్చుకి మినహాయింపు లేదని తేల్చారు. ఆ తర్వాత సావనీర్లు ఎంత సన్నబడ్డాయో కుట్టేవాళ్ళకి తెలుసు.

మా వైపు ఇంకో దారి కూడా ఉండేది. బియ్యం జిల్లా దాటాలంటే పర్మిట్లు, మిల్లులకి లెవీ. ఎలక్షన్లు దగ్గరపడితే బస్తాకింత చొప్పున పోగవుతోందని మిల్లు గుమాస్తాలు మా ప్రెస్సులో కూర్చుని చెప్పుకునేవాళ్ళు. ఆ బస్తా మీద పడింది ఎవరు కట్టారు? రైతుకి ధర తగ్గింది, తినేవాడికి ధర పెరిగింది. ఓటుకి అయిదు రూపాయలు తీసుకుని మురిసినవాడు ఏడాది పొడుగునా బియ్యం కొట్టు దగ్గర దాన్ని తిరిగి కడుతూనే ఉన్నాడు.

నాగర్‌వాలా పేరు విన్నారా? విని ఉండరు. 1971 మే 24న ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకులో చీఫ్ క్యాషియరు మల్హోత్రాకి ఫోను వచ్చింది. ప్రధానమంత్రి కార్యదర్శి అన్నారు, ఆ తర్వాత ప్రధానమంత్రే మాట్లాడుతున్నట్టు ఆడగొంతు వినిపించింది. బంగ్లాదేశ్ రహస్య పనికి 60 లక్షలు కావాలి, ఫలానా చోట ఒక మనిషి ఫలానా గుర్తుమాట చెబుతాడు, ఇచ్చెయ్యి అని. ఆయన పెట్టెలో నోట్లు సర్ది, కారులో పెట్టుకుని వెళ్ళి, రోడ్డు మీద ఇచ్చేసి వచ్చాడు. రసీదు కోసం ప్రధానమంత్రి ఇంటికి వెళ్తే, మేమెవరమూ ఫోను చెయ్యలేదన్నారు. ఆ రోజే నాగర్‌వాలా అనే మాజీ కెప్టెను దొరికాడు, చాలామటుకు డబ్బు దొరికింది, కొద్ది రోజుల్లోనే శిక్ష కూడా పడింది. మరుసటేడు మార్చిలో అతను కస్టడీలో ఉండగానే చనిపోయాడు. దర్యాప్తు చేసిన పోలీసు అధికారి కశ్యప్ కారు ప్రమాదంలో పోయాడు. జనతా ప్రభుత్వం వచ్చాక దీని మీద కమిషను వేస్తే, దానికి పెద్ద మన తెలుగాయనే, జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి గారు. అది పార్టీ సొమ్మని రుజువు కాలేదు, నేనూ అనను. కానీ నా మనసులో నిలిచిపోయింది ఒక్కటే. అరవై లక్షలు, చెక్కు లేకుండా, సంతకం లేకుండా, ఒక గొంతు విని ఇచ్చెయ్యొచ్చని అంత అనుభవమున్న బ్యాంకు ఉద్యోగి నమ్మాడు. మా ప్రెస్సులో నూరు కరపత్రాలకి ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి!

1974 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పిచ్చింది. ఢిల్లీలో గెలిచిన అమర్‌నాథ్ చావ్లా మీద కన్వర్‌లాల్ గుప్తా వేసిన కేసు. జస్టిస్ భగవతి గారు, అభ్యర్థికి తెలిసి అతని కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చే అవుతుంది, అదంతా కలిపి హద్దు దాటితే ఎన్నిక చెల్లదు అన్నారు. ఎన్నికల ముందు ఇచ్చిన చందా ఎన్నికలయ్యాక హామీగా మారుతుందని కూడా అన్నారు. ఆ రోజు మా మేష్టారు పేపరు పట్టుకుని ప్రెస్సుకి పరిగెత్తుకుంటూ వచ్చారు. మిత్రులు, శ్రేయోభిలాషులు అంటూ దాచిన దొంగ పద్దు ఇక చెల్లదురా అన్నారు. ఆయన సంతోషం ఆ నెలాఖరు దాకా కూడా నిలవలేదు. నెల దాటకుండానే ఆర్డినెన్సు వచ్చింది, ఆ తర్వాత చట్టమైంది. పార్టీ పెట్టినా, మిత్రులు పెట్టినా అది అభ్యర్థి ఖర్చు కిందికి రాదని. ఆ ఒక్క వివరణతో ఖర్చు హద్దు అన్నమాటకి అర్థం లేకుండా పోయింది. దాన్ని దిద్దుకోవడానికి 2003 దాకా పట్టింది. ఆ దిద్దడం కూడా సగమే. పార్టీ తన ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టాలన్నదానికి ఈనాటికీ హద్దు లేదు. మన దేశంలో ఎన్నికల డబ్బు చెయ్యి దాటిపోయిన రోజు ఏదని ఎవరైనా అడిగితే, నేను ఆ 1974 అక్టోబరు ఆర్డినెన్సునే చూపిస్తాను.

సారా డబ్బు కథ మీ నానమ్మకి ఇంకా బాగా తెలుసు. ఊళ్ళో సారా దుకాణాలు వేలం పాట పాడుకున్న కాంట్రాక్టర్లే ఎన్నికలప్పుడు జీపులు పంపేవాళ్ళు, ప్యాకెట్లు పంచేవాళ్ళు. ఆ డబ్బంతా కూలివాళ్ళ ఇళ్ళల్లోంచి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు 1992లో తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధించారు, 1995 జనవరిలో రామారావు గారు మద్యం మొత్తం నిషేధించారు, 1997లో మళ్ళీ ఎత్తేశారు. ఎన్నికల నిధికి ఊట ఎక్కడుందో కమిషన్లు కనిపెట్టలేదు, ఆ ఆడవాళ్ళు కనిపెట్టారు.

1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంపెనీల చందాలకి మళ్ళీ తలుపు తెరిచింది, లాభంలో ఇంత శాతం అని హద్దు పెట్టి, పేరు చూపించమని. ప్రధాన ఎన్నికల కమిషనరుగా శేషన్ గారు వచ్చాక గోడల మీద రాతలు, రాత్రి మైకులు తగ్గాయి. లెక్కలు ఇవ్వనివాళ్ళ మీద అనర్హత వేటు పడింది. మా ప్రెస్సులకి పని పడిపోయింది, అయినా ఆ పెద్దమనిషికి నేను దణ్ణం పెట్టాను. 1996లో సుప్రీంకోర్టు అడిగితేగానీ తెలియలేదు, పెద్ద పార్టీలు ఏళ్ళ తరబడి ఆదాయపు పన్ను రిటర్నులే వెయ్యలేదని. చిన్న కొట్టువాడు రిటర్ను వెయ్యకపోతే ఊరుకుంటారా? 2003లో 20,000 రూపాయలు దాటిన ప్రతి చందాదారుడి పేరూ ఎన్నికల సంఘానికి చెప్పాలన్నారు. వెంటనే చందాలన్నీ 20,000కి లోపే ముక్కలైపోయాయి.

ఇప్పుడు నా కడుపు మండిన సంగతి. 2017 బడ్జెట్టులో ఎన్నికల బాండ్లన్నారు. 2018 జనవరిలో పథకం వచ్చింది. స్టేట్ బ్యాంకులో కొనుక్కోవచ్చు. వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి. పదిహేను రోజుల్లో పార్టీ దాన్ని మార్చుకోవాలి. కొన్నవాడి పేరు బాండు మీద ఉండదు, పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదు, కంపెనీ ఏ పార్టీకిచ్చిందో తన లెక్కల్లో చూపనక్కర్లేదు, లాభంలో శాతం అన్న హద్దు కూడా ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వొచ్చు. ఆ బాండ్లు అచ్చయింది నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్సులో. అచ్చు పనివాణ్ణి గనక ఆ ముక్క చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఊరి కుర్రాడు సర్పంచి మీద పోటీకి దిగి పైసలు పోగుచేసుకుని కరపత్రం వేస్తే దాని కింద పేరు ఉండాలి. కోటి రూపాయల కాగితం మీద ఉండకూడదు! తర్వాత ఒక విలేఖరి ఆ బాండ్లు కొని పరీక్ష చేయిస్తే, మామూలు కంటికి కనపడని నంబరు ఒకటి అతినీలలోహిత దీపం కింద బయటపడింది. అంటే గుర్తు ఉంది. ఓటరుకి కనపడకుండా ఉంది.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలూ ఒక్కమాటగా ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఓటరుకి తెలుసుకునే హక్కుందన్నారు. వివరాలివ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని బ్యాంకు అడిగితే, అంటే లోక్‌సభ ఎన్నికలైపోయేదాకా, కోర్టు కుదరదంది. మార్చిలో జాబితాలు బయటికొచ్చాయి. ముందు నంబర్లు లేకుండా, కోర్టు మళ్ళీ గట్టిగా అడిగాక నంబర్లతో. అప్పుడు ఎవరిది ఎవరికి చేరిందో అంతా కలిసింది. 2018 నుంచి మొత్తం 16,500 కోట్ల పైమాట. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే బీజేపీకి 6,060 కోట్లు, తృణమూల్‌కి 1,600 పైన, కాంగ్రెసుకి 1,400 పైన. మనవాళ్ళేం తక్కువ తినలేదు. బీఆర్ఎస్‌కి 1,214 కోట్లు, వైఎస్ఆర్ కాంగ్రెసుకి 337, తెలుగుదేశానికి 219 దాకా. కొన్నవాళ్ళలో మొదటిది కోయంబత్తూరు లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగు, 966 కోట్లు. ఆనాటి చట్టం ప్రకారం కొన్నారు, నేను వాళ్ళ మీద నేరం మోపడం లేదు. ప్రాజెక్టుల పనులు చేసే కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో, ఆ ప్రాజెక్టుకి పన్ను కట్టే రైతుకి ఆరేళ్ళు తెలియనివ్వలేదే, అది నాకు మింగుడు పడదు. సీపీఐ, సీపీఎంలు ఆ బాండ్లు తీసుకోలేదు, సీపీఎం అయితే దాని మీద కోర్టుకి కూడా వెళ్ళింది. ఉన్న మాట చెప్పాలి గనక చెబుతున్నాను.

ఇక ఓటరు చేతిలో పెట్టే నోటు సంగతి. హుజూరాబాద్ ఉపఎన్నికలప్పుడు డబ్బు కవర్లు మాకెందుకు రాలేదని జనం రోడ్డెక్కారు. వేలూరులో 2019లో కోట్ల రూపాయలు పట్టుబడి లోక్‌సభ ఎన్నికే రద్దయింది. టీవీలో అది చూసి జనం చెడిపోయారని అందరూ తిట్టారు. నేను తిట్టను. ఆ కవరు తీసుకున్న ముసలమ్మ పేరు పంచిన మేస్త్రీ చీటీలో ఉంటుంది, ఇంటి నంబరుతో సహా. కవరు నింపినవాడి పేరు ఎక్కడుంది? తిడితే ముందు వాణ్ణి తిట్టాలి.

అమ్మడూ, నీకు ఈ యేడు ఓటొచ్చింది గనక నీకే చెబుతున్నాను, మిగతావాళ్ళూ వినండి. ఇప్పుడు అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క జిల్లా ఎన్నికల అధికారి దగ్గరికి, అంటే కలెక్టరు దగ్గరికి చేరాలి. మా మేష్టారు చూసిన ఆ నిబంధన ఇంకా అలాగే ఉంది, రుసుము ఇంకా రూపాయే. ఈసారి ఎన్నికలప్పుడు మీ ఊళ్ళో తిరిగిన కార్లు, కట్టిన ఫ్లెక్సీలు, పెట్టిన భోజనాలు ఒక నోటుబుక్కులో తేదీలతో రాసుకోండి. ప్రతి ఫ్లెక్సీ కింద అచ్చు వేసినవాడి పేరుందో లేదో ఫొటో తీసి పెట్టుకోండి. ఫలితం వచ్చిన నెలకి నలుగురూ కలిసి కలెక్టరాఫీసుకి వెళ్ళి, రూపాయి కట్టి, లెక్క చూపించమని అడగండి. మీ పుస్తకానికీ దానికీ పొంతన లేకపోతే వెంటనే ఎన్నికల సంఘానికి రాసి పంపండి. కోర్టుకి వెళ్ళాలంటే 45వ రోజు దాటకూడదు.